నవ్వు ఎవరి మీద? 'పడమటి సంధ్యారాగం'లో తండ్రి, అల్లుడు, అమెరికా

1987లో జంధ్యాల దర్శకత్వంలో వచ్చిన 'పడమటి సంధ్యారాగం' తెలుగు సినిమాలో అరుదైన ప్రయోగం. అధికభాగం అమెరికాలోనే చిత్రీకరించిన ఈ ప్రేమకథలో నాయకుడు తెలుగువాడు కాడు. బాల్టిమోర్‌లో పుట్టి, అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని టామస్ జేన్. తరువాత 'ది పనిషర్' (2004), 'ది మిస్ట్' (2007) వంటి చిత్రాలతో ప్రసిద్ధుడైన హాలీవుడ్ నటుడు తెలుగు తెరమీద మొదలయ్యాడన్న విశేషమే ఈ చిత్రం గురించి ఎక్కువగా చెప్పుకుంటారు. ఆ ముచ్చటలో చిత్రం లేవనెత్తిన అసలు ప్రశ్న మరుగున పడింది. రెండు సంస్కృతుల మధ్య పెళ్ళి జరిగినప్పుడు మారవలసినది ఎవరు?

పాశ్చాత్య సంస్కృతి అంటే గిట్టని ఆదినారాయణ (గుమ్మలూరి శాస్త్రి) భార్యనూ కూతురినీ వెంటబెట్టుకొని అమెరికా చేరతాడు. కూతురు సంధ్య (విజయశాంతి), పొరుగింటి క్రిస్ ప్రేమించుకుంటారు. తండ్రి అడ్డుపడతాడు, అతని అభీష్టానికి విరుద్ధంగానే పెళ్ళి జరుగుతుంది. కథ ఇంతే. అయితే హాస్యమంతా ప్రేమికుల తడబాట్లలో కాక తండ్రి వైరుధ్యంలో ఉంది. ఆ దేశపు గాలి సోకకూడదనుకునే మనిషి ఆ దేశంలోనే కాపురం పెట్టాడు. 'కన్యాశుల్కం'లోని అగ్నిహోత్రావధానుల తరువాత తెలుగు హాస్యంలో కోపిష్ఠి తండ్రికి ఉన్న స్థానం చిన్నది కాదు. అవధానులు కూతురి పెళ్ళిని బేరంగా చూశాడు, ఆదినారాయణ పరువుగా చూశాడు. కూతురి ఇష్టానికి మాత్రం ఇద్దరి లెక్కలోనూ చోటు లేదు.

ఈ తండ్రిని సృష్టించిన జంధ్యాలే 'శంకరాభరణం' (1980)కు సంభాషణలు రాశారన్న సంగతి ఇక్కడ గమనార్హం. అక్కడ శంకరశాస్త్రి పాశ్చాత్య సంగీతపు మోజును గద్దించినప్పుడు ప్రేక్షకుడు తలవంచి విన్నాడు. ఏడేళ్ళ తరువాత అదే కలం సంప్రదాయాభిమానాన్ని నవ్వులాటకు నిలబెట్టింది. ఇది మాట మార్చడం కాదు. శంకరశాస్త్రికి సంప్రదాయం ఒక సాధన, ఆదినారాయణకు అది ఒక ప్రహరీగోడ. జంధ్యాల నవ్వింది గోడను చూసి. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం సమకూర్చిన సంగీతం ఇందుకు సాక్ష్యం: అన్నమాచార్య కీర్తన, సదాశివ బ్రహ్మేంద్రుల కృతి, ఆంగ్ల గీతం ఒకే చిత్రంలో ఇమిడాయి. డ్రమ్ములకు పేరుపొందిన శివమణి రొనాల్డ్ పాత్రలో తెరమీదే కనిపిస్తాడు. తండ్రి కలవవని పట్టుబట్టిన రెండింటినీ పాటలు ముందే కలిపేశాయి. చిత్రం పేరులోని 'సంధ్య' కూడా నాయిక పేరు మాత్రమే కాదు, పగలూ రాత్రీ కలిసే వేళ.

చట్టం ఈ కథలో అడ్డంకి కాదు. వర్ణాంతర వివాహాలపై అమెరికాలో మిగిలిన నిషేధాలను అక్కడి సుప్రీంకోర్టు 1967 జూన్ 12న, లవింగ్ వర్సెస్ వర్జీనియా తీర్పులో కొట్టివేసింది. అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో అటువంటి చట్టాలు ఉండేవి. భారతదేశంలో హిందూ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. మతాంతర వివాహానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం దారి చూపింది, ముప్ఫై రోజుల ముందస్తు నోటీసు షరతుతో. రెండు దేశాల్లోనూ తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర నిలబడినవాడు తండ్రి. అమెరికాలో ఇదే ఇతివృత్తానికి మాతృకగా చెప్పుకోదగిన 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్' (1967) కూడా చివరికి పెళ్ళికూతురి తండ్రి తీర్పు కోసమే ఎదురుచూసింది.

చిత్రానికి ఉన్న పరిమితి కూడా ఇక్కడే తెలుస్తుంది. వరుడు శ్వేతజాతీయుడు కావడంతో తండ్రి అభ్యంతరం 'సంస్కృతి' అనే గౌరవప్రదమైన మాట చాటున నిలబడగలిగింది. నాలుగేళ్ళ తరువాత మీరా నాయర్ 'మిసిసిపి మసాలా'లో ఉగాండా నుంచి వచ్చిన భారతీయ కుటుంబపు అమ్మాయి నల్లజాతి యువకుణ్ణి ప్రేమించినప్పుడు ఆ ముసుగు నిలవలేదు, రంగు బయటపడింది. మరో కొస కులం. సప్తసముద్రాల అవతలివాడు మన కులాల నిచ్చెనమీద ఏ మెట్టుకూ చెందడు కనుక, అతణ్ణి అల్లుడిగా ఊహించడం ఒక విధంగా తేలిక. పక్కవీధి అబ్బాయిని ఊహించడమే కష్టం. 2022లో వివేక్ ఆత్రేయ 'అంటే సుందరానికీ'లో బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి ఒకే భాషలో మాట్లాడుకుంటారు. అయినా ఇంట్లో ఒప్పించడానికి అబద్ధం మీద అబద్ధం పేర్చవలసి వచ్చింది. దానినీ హాస్యంగానే తీశారు. 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడు హత్యకు గురైన నేలమీద ఆ హాస్యం ఎంత బరువు మోయవలసి ఉందో తెలుస్తుంది.

'పడమటి సంధ్యారాగం' నాటి తెలుగు ప్రేక్షకుడు ఆదినారాయణను దూరం నుంచి చూసి నవ్వాడు. 1980లలో అమెరికా వెళ్ళిన తరానికి ఇప్పుడు అక్కడే పెరిగిన కూతుళ్ళూ మనవరాళ్ళూ ఉన్నారు. అమెరికన్ అల్లుణ్ణి స్వాగతించే ఇంట్లోనే, తెలుగు సంబంధం అనగానే కులం ఆరా తీయడం అపూర్వమేమీ కాదు. జంధ్యాల ఆదినారాయణ చేత అడిగించని ప్రశ్న అది. ఈ చిత్రాన్ని నేడు చూసే తల్లిదండ్రులు క్రిస్‌ను మెచ్చుకోవడంతో ఆగితే సగమే చూసినట్లు. అతని స్థానంలో మరొకరిని నిలబెట్టి, అప్పుడు కూడా తమకు నవ్వు వస్తుందో లేదో చూసుకోవలసి ఉంటుంది.