ఊరు కట్టించినవారూ, కట్టినవారూ

పల్నాటి ఊళ్ళ పేర్లమీద వ్యాసం రాసేవారు సాధారణంగా పన్నెండో శతాబ్దం దగ్గరే మొదలుపెడతారు. గురజాల అనగానే నలగామరాజు, మాచెర్ల అనగానే మలిదేవుడూ బ్రహ్మనాయుడూ, కారంపూడి అనగానే నాగులేటి ఒడ్డున యుద్ధరంగం. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన తర్వాత ఈ చూపు మరింత బిగిసింది. కావ్యం గొప్పదే, కాదనను. కాని ఊరు యుద్ధంకోసం పుట్టదు. సైన్యాలు వచ్చి దిగేనాటికే అక్కడ నీళ్ళుండాలి, గింజలుండాలి, ఆ గింజలు పండించినవాళ్ళుండాలి. ఈ సంగతిని మన సాహిత్య విమర్శ చాలినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

మాచెర్లనే తీసుకుందాం. మహాదేవిచెర్ల అన్నదే మాచెర్ల అయిందంటారు. అన్నవారు ఆ మహాదేవి ఏ రాజు భార్యో వెతకడంలో పడిపోతారు. పేరులో రెండో సగం చెరువు. దాన్ని తవ్వింది మహాదేవి కాదు గదా! ఒప్పిచెర్లలోనూ ఆ చెరువే ఉంది. రెంటచింతలలో చింతచెట్టు, పిడుగురాళ్ళలో రాయి, బెల్లంకొండలో కొండ. మెట్టసీమలో నిలవదలచిన మనిషి మొదట చూసుకున్నవి ఇవే. ఈ నేలనిండా సున్నపురాయి, నాపరాయి. పల్నాడు అన్న పేరే పాలవంటి తెల్లరాతినుంచి వచ్చిందనేవారున్నారు, పల్లవనాడు అనేవారూ ఉన్నారు. రాజవంశం పేరు ఎదురుగా ఉండగా రాయికి గౌరవం దక్కడం కష్టం!

కర్నల్ మెకంజీ మనుషులు పంతొమ్మిదో శతాబ్ది తొలిరోజుల్లో సేకరించిన కైఫియత్తులను సాహిత్య విద్యార్థులు తప్పక చదవాలి. గ్రామాల పుట్టుకకు అంతటి వచన సామగ్రి మనకు మరోచోట దొరకదు. అయితే చదివేటప్పుడు వాటిలోని క్రియలమీద కన్నుంచాలి. ఫలానావారు అడవి కొట్టించారు, గ్రామం కట్టించారు, చెరువు తవ్వించారు. అన్నీ ప్రేరణార్థకాలే. కొట్టినవాడు, కట్టినవాడు, తవ్వినవాడు ఆ ఒక్క ‘ఇంచు’ ప్రత్యయంలో మాయమయ్యారు. వివరాలిచ్చినవారిలో ఎక్కువమంది కరణాలు, గ్రామ పెద్దలు. వారికి కావలసింది మిరాసీ హక్కు ఎవరినుంచి ఎవరికి సంక్రమించిందన్న లెక్క. భూసంబంధాలు వ్యాకరణంలోకి ఎలా దిగుతాయో చూడడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. నరసరావుపేట విషయంలోనూ అంతే. అట్లూరు పొలిమేరలో మల్రాజు జమీందార్లు ‘కట్టించిన’ పేట అది. జమీందారు పేరు నిలిచింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి, ఆ పేటే దానికి కేంద్రమైంది.

బళ్ళో పిల్లలను మీ ఊరిపేరుమీద నాలుగు మాటలు రాయమంటే, ‘పాడు’తో ముగిసే ఊళ్ళవాళ్ళు ఒకప్పుడు పాడుపడిన ఊరు అని రాసుకొస్తారు. ఇంట్లో పెద్దలు చెప్పిందదే. ఊళ్ళ పేర్లలో పాడు అంటే నివాసస్థలం. పూడి, పల్లి, ఊరు వంటిదే. పుల్లరిని ఎదిరించి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతుది మించాలపాడు. ఆ పేరులో శిథిలాన్ని చదవడం ఎంత అన్యాయం! కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ళ పేర్లమీద పరిశోధన చేశారు. కథకుడు ఆ పనికి పూనుకోవడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఊరిపేరును మనుషుల బతుకునుంచి విడదీయని ఆ పద్ధతి పల్నాటి పేర్లకూ కావాలి.

ఆ పుల్లరి పోరాటం రోజుల్లోనే, 1921లో, ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాడుకు వచ్చి అరెస్టయ్యారు. జైల్లో ‘మాలపల్లి’ రాశారు. ఆ నవల శీర్షికను నేను ఊరిపేర్ల చరిత్రలో భాగంగానే చదువుతాను. కథ జరిగే గ్రామానికి మంగళాపురం అనే చక్కని పేరుంది. ఉన్నవ దాన్ని పక్కకు నెట్టి, ఊరివాళ్ళు వేలితో చూపి చెప్పే వాడకు పుస్తకం పేరు స్థానమిచ్చారు. ఊరినుంచి చూస్తే అది దిక్కు మాత్రమే. అందులో ఉన్నవారికి ఊరంతా అదే. పల్నాటి సుగాలీ తండాలమీద ఇటువంటి చూపుతో వచ్చే రచనకోసం ఎదురుచూస్తున్నాను.

చివరగా కృష్ణ ఒడ్డు. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. ఆ మధ్యలోనే, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి పేరు కుడిగట్టు కాలనీకి వచ్చి విజయపురి సౌత్ అయింది. మునిగే కట్టడాలను కొన్నింటిని కొండమీదికీ, కొన్నింటిని అనుపుకూ తరలించి మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే. ఆ లోయలోనే పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. పురావస్తు నివేదికల్లో ఆ పేరు ఏ శిథిలం ఏ దిక్కున ఉందో చెప్పడానికి ఆనవాలుగా పనికొచ్చింది. ఆ పల్లెవాళ్ళు సామాను బండ్లకెత్తుకుని పోయి దిగిన చోటును మొదట ఏమని పిలుచుకున్నారు? పాత పేరునే వెంట తీసుకుపోయారా? అది అడిగి రాయవలసిన కథ. అప్పటికి పదేళ్ళవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి.