రైలుబండి చప్పుడు సంగీతమగునా?

ప్యారిసు నగరమందలి బతిన్యోల్ రైల్వే ప్రాంగణమున 1948లో పియేర్ షెఫెర్ అను రేడియో ఇంజనీరు యావిరియంత్రముల బుసలను, ఈలలను, పట్టాలపై చక్రముల మ్రోతను గ్రామఫోను పలకలపై కెక్కించి, యా తునకలను గూర్చి సుమారు మూడు నిమిషముల కృతిని గావించెను. అది తక్కిన నాలుగు 'ధ్వన్యభ్యాసముల'తో గూడ ఆ యేటి అక్టోబరు 5న ఫ్రెంచి రేడియోలో ప్రసారమయ్యెను.

మొదట విన్నపుడు మేము నవ్వితిమి. ఇంటి పిల్లలు నవ్వక, బండి యెక్కడికి పోవుచున్నదని యడిగిరి. చిక్కంతయు నా ప్రశ్నయందే యున్నది. శ్రోత బండిని మఱచి ధ్వనినే వినవలెనని షెఫెరు కోరిక. అందులకే యాయన పలకపై గాడిని తనలో తానే మూసి, యొక్క తునక మరల మరల తిరుగునట్లు చేసెను. రామశబ్దమును వల్లెవేయు బాలునికి గొంతసేపటికి రాముడు పోయి శబ్దమే మిగులుట మేము తరగతిలో నెఱుగుదుము; ఇదియు నట్టిదే. కాని యీల వినబడగానే మరల స్టేషను కన్నులకు గట్టుచున్నది. కృతి తన కర్త సిద్ధాంతమును తానే యోడించినది. మాకదియే ప్రియము. తాళజ్ఞానము లేదని స్త్రీలను, బాలురను గచేరికి వెలుపల నుంచిన పెద్దలు గలరు; ఈ కచేరికి మాత్రము బండిచప్పుడు విన్న ప్రతివాడును అర్హుడే.

వంటపాత్రల మ్రోతతో నల్లిన యభ్యాసము మాకంతగా రుచింపలేదు. అందు మనుష్యకంఠములును ముక్కలై చేరినవి. పాత్రను గోసినను దానికి బాధ లేదు, కంఠము గలవాడో? రైలుబండి కృతిలో నీ చిక్కు లేదు. పిల్లలు మరల పెట్టుమనిరి, పెట్టితిమి.