మీటరు చూడని స్మృతి

వాణిజ్య భవనములలో విద్యుత్తు పొదుపునకై భారత ప్రభుత్వము 2007లో ఒక నిర్మాణ స్మృతిని వెలువరించి, 2017లో సవరించినది. బయటి గోడలలో కిటికీల భాగము 40 శాతము మించరాదను నియమము మన ఎండలకు తగినదే. కాని నియమములన్నియు వరుసగా పాటింపనివారికి మరొక మార్గము కలదు. కట్టబోవు భవనమునకును, అదే విస్తీర్ణముగల ప్రమాణ భవనమునకును చదరపు మీటరుకు ఏటా ఎన్ని యూనిట్లు పట్టునో కంప్యూటరుపై పోల్చుదురు. మొదటిది రెండవదానిని మించకున్న చాలును. రెండును ఊహా భవనములే! పిమ్మట అద్దెదారు రాత్రింబవళ్లు గదులను 18 డిగ్రీలకు చల్లబరచినను ఆ లెక్క చెదరదు.

10,000 చదరపు మీటర్ల భవనము ఏటా 15 లక్షల యూనిట్లు వాడినచో, చదరపు మీటరుకు 150. హైస్కూలు విద్యార్థి చేయగల ఈ భాగహారమును, అసలు బిల్లుతో చేసి చూపుమని స్మృతి అడుగలేదు. వాడకమునుబట్టి నక్షత్రములిచ్చు పథకము వేరుగా నున్నది గాని, అందు చేరుట యజమాని ఇష్టము.