పొరుగింటి కుక్కను తిప్పే పనితనం

పల్లెలో కుక్కను తిప్పడమేంది, అదే ఊరంతా తిరిగొస్తుంది గదా అని మదనపల్లె దగ్గరి నిమ్మనపల్లెలో ఎవరైనా నవ్వొచ్చు. నిజమే, అరుగు కింది కుక్కకు ఎవరి తోడూ అక్కర్లేదు. గేటు లోపల పెరిగిన లాబ్రడార్ సంగతి వేరు. యజమాని రాయవేలూరులోనో తిరుపతిలోనో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి మంచం పట్టాడంటే దానికి బయటి లోకం మూసుకుపోయినట్టే. ఛాతీ ఎముక కోసి తీగతో కట్టినవాళ్లు కొన్ని వారాలపాటు దేన్నీ గట్టిగా లాగకూడదు. ముప్పై కిలోల కుక్క పిల్లిని చూసి ఒక్క ఊపు ఊపితే చాలు, ప్రమాదం. అప్పుడు పక్కింటివాళ్లెవరో ‘నేను తిప్పకొస్తాలేన్నా’ అంటారు. అక్కడ మొదలయ్యే పనిలో ఎంత నేర్పుందో దగ్గరుండి చూస్తేగాని తెలీదు.

పని తెలిసినవాళ్లు మొదటిరోజే తాడందుకుని బయల్దేరరు. మంచం పక్కన కూర్చుంటారు. కుక్కను పిలవరు, దాని కళ్లలోకి గుచ్చి చూడరు. అదే వచ్చి చెయ్యి వాసన చూసుకునేదాకా పెద్దాయనతో టమోటా రేటు మాట్లాడతారు. ఆ తర్వాత తాడును యజమాని చేతిమీదుగానే అందుకుంటారు. మెడపట్టీ కింద రెండువేళ్లు దూరాలి. అంతకన్నా వదులైతే బెదిరిన కుక్క తల వెనక్కి లాక్కుని పారిపోతుంది. తాడును వేళ్లకు చుట్టుకోరు, చుట్టుకుంటే ఒక్క గుంజుడుకు వేలు విరగొచ్చు. అరచేతిలో మడతపెట్టి పట్టుకుని, మధ్యలో కాస్త వేలాడనిస్తారు. నన్నడిగితే ఆ వేలాడే వంపులోనే పనితనమంతా ఉంది. తాడు బిగిసిందంటే ఇద్దరిలో ఒకరు రెండోవారిని ఈడుస్తున్నట్టే.

మదనపల్లె సీమ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, చల్లని చోటని పేరు. ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డుకు ఆ పేరుతో పనిలేదు. చేతి వెనుకభాగాన్ని రోడ్డుకు ఆనించి, కాసేపైనా ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవని వెనక్కి తిరుగుతారు.

అసలు పరీక్ష వీధికుక్కలతో. ప్రతి మలుపు దగ్గరా ఒక గుంపు, దానికో సరిహద్దు. చేతకానివాడు ఉరుకుతాడు, లేదా కుక్కను ఎత్తుకుంటాడు. రెండూ గుంపును రెచ్చగొట్టేవే. నేర్పరి దూరం నుంచే చూసి రోడ్డు దాటతాడు, తను మధ్యలో ఉండేట్టు కుక్కను అవతలిపక్కకు మార్చుకుని, అదే నడకతో చుట్టు తిరిగి పోతాడు. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇంటికొచ్చాక కాలివేళ్ల సందుల్లో పల్లేరు ముళ్లు, చెవుల వెనక పిడుదులు వెతుకుతారు. ఆనక మంచం దగ్గర కూర్చుని ఎంత దూరం పోయిందీ, కుంటిందా, విరేచనం సరిగా అయిందా, ఎవరి గేటు దగ్గర మొండికేసిందీ పూసగుచ్చినట్టు చెబుతారు.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంకొకటుంది. బిస్కెట్లు పెట్టి కుక్కను మచ్చిక చేసుకోవడం సులువు. మంచి చెయ్యి ఆ పని చెయ్యదు. యజమాని నడిచే దారినే నడుస్తుంది, ఆయన ఆగే కరెంటుస్తంభం దగ్గరే ఆగుతుంది, ఆయన పిలుపుతోనే పిలుస్తుంది. ఆయన లేచి నడిచే రోజుకు కుక్క ఆయనదిగానే ఉండాలి గదా.

ఈ పని పక్కింటివాళ్ల మీద ఎందుకు పడుతోందో తెలియాలంటే కాస్త వెనక్కి చూడాలి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1912లో మొదలైన సంస్థ. దాన్ని నడిపిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దొర కాలంలో రోగులు ఇల్లూ వాకిలీ వదిలి నెలల తరబడి అక్కడుండేవాళ్లు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు మింగినా క్షయ అంతే బాగా తగ్గుతుందని తేల్చింది. ఇప్పుడు ఏ జబ్బైనా కోలుకోవడం ఎక్కువగా ఇంట్లోనే, అందుకే ఇంటిపనులు ఇరుగుపొరుగు మీద పడతాయి. బ్రిటన్‌లో అవెరిల్ జార్విస్ తన కుక్క పేరుతో 1985లో పెట్టిన సినమన్ ట్రస్ట్, ముసలివాళ్ల కుక్కలనూ, బతుకు చివర్లో ఉన్న రోగుల కుక్కలనూ స్వచ్ఛందంగా తిప్పేవాళ్లను ఊరూరా కూడగట్టింది. మన ఊళ్లలో దానికి ట్రస్టు అక్కర్లేదు, ఒక గోడ అవతలి మనిషి చాలు.

ఆపరేషనై వచ్చినవాళ్లను చూడబోయేటప్పుడు బత్తాయిల సంచీతోపాటు ‘కుక్కను ఎన్ని గంటలకు తిప్పుతారన్నా?’ అని కూడా అడగండి. ఒప్పుకునే ముందు దాని రేబిస్ టీకా కార్డు మాత్రం చూడండి, గడువు దాటిపోయి ఉంటే మొదటి నడక పశువుల ఆసుపత్రికే.