నార్ల వాక్యం: బలం, పరిమితి

నార్ల వెంకటేశ్వరరావుగారి ప్రసక్తి వచ్చినప్పుడు 'నిర్భయ సంపాదకుడు' అనే ఒక్క విశేషణంతో సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ పొగడ్త ఆయన చేసిన అసలు పనిని మరుగుపరుస్తున్నదని నా అభిప్రాయం. ఆయన తెలుగువారికి వచన రచన నేర్పిన గురువు. ఆ పాఠశాల పేరు సంపాదకీయం.

కృష్ణా డెల్టాలో అంతకుముందే ఒక సంపాదకీయ సంప్రదాయం ఉంది. బందరు 'కృష్ణాపత్రిక'లో ముట్నూరి కృష్ణారావుగారి వచనం గంభీరమైనది. దాన్ని ఆస్వాదించడానికి సాహిత్య సంస్కారంతోబాటు తీరిక కూడా కావాలి. గుడివాడ ప్రాంతపు కౌతవరం కుటుంబంలో 1908లో పుట్టిన నార్ల, 1942 నుంచి 'ఆంధ్రప్రభ' సంపాదకులుగా, ఆ తీరిక లేని పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకున్నారు. వాడుకభాషకు దినపత్రికలో గౌరవం తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. మొవ్వలో విద్యార్థులచేత వ్యాసాలు రాయించేటప్పుడు నేను 'మూడు దశాబ్దాలు' నుంచి ఒక సంపాదకీయం ఇచ్చి, ఇందులో తీర్పు ఏది, దానికి చూపిన కారణం ఏది అని అడుగుతాను. ఆ రెంటినీ విడదీయడం వాళ్లకు కష్టం కాదు. నార్ల బోధన సారాంశం అదే.

సాహిత్య అకాడమీకి ఆయన వేమన మీద, వీరేశలింగం మీద పుస్తకాలు రాయడం యాదృచ్ఛికం కాదు. ఇద్దరూ జనం మాటను ఆయుధం చేసుకున్నవారే. 'ఆంధ్రజ్యోతి'లో ఆయనతో పనిచేసి, తర్వాత సంపాదకులైన నండూరి రామమోహనరావుగారు 'విశ్వరూపం', 'నరావతారం' పుస్తకాల్లో ఖగోళశాస్త్రాన్ని, జీవపరిణామాన్ని తేటతెలుగులో చెప్పారు. అదీ ఈ బాటే.

అయితే పరిమితిని కూడా చెప్పుకోవాలి. 1959లో యాజమాన్యంతో విభేదించి నార్ల 'ఆంధ్రప్రభ' వదిలారు. 1960లో 'ఆంధ్రజ్యోతి' వచ్చింది. పెట్టుబడి పారిశ్రామికవేత్త కె.ఎల్.ఎన్. ప్రసాద్‌ది. యజమాని మారారేగాని, సంపాదకుడి కలం పెట్టుబడి నీడలో నడిచే వ్యవస్థ మారలేదు. నార్ల హేతువాదంలోనూ ఇలాంటి లోటే నాకు కనిపిస్తుంది. మూఢనమ్మకాన్ని ఆయన ప్రధానంగా బుద్ధిలోని లోపంగా చూశారు. దాన్ని పోషించే భూసంబంధాల మీద, పెత్తనాల మీద అంత పట్టుదలగా దృష్టి పెట్టలేదు.

స్పష్టత దానంతట అదే అభ్యుదయం కాదు. కాని అస్పష్టంగా రాసిన అభ్యుదయం ప్రజల గడప తొక్కదు. 1985లో ఆ కలం ఆగింది. యువరచయితలు నార్ల దగ్గర వాక్యం నేర్చుకోవాలి. ఆయన అడగని ప్రశ్నలను ఆ వాక్యంతోనే అడగాలి.