ఎడమ మూత మీద మైకు మోత

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, చాపాడు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో హరికథకూ ఉత్సవ కచేరీకీ లయాధారంగా నిలిచే మృదంగంలో, నాదానికి లోతునిచ్చేది తొప్పి అని కూడా పిలిచే ఎడమ మూత. కుడి మూత మీద నల్లని కరణి శాశ్వతంగా అంటుకొని ఉండగా, ఎడమ మూత నడుమ మాత్రం కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్దను అద్ది, ముగిశాక గీకి తీసేస్తారు. ఆ ముద్ద బరువుకు చర్మం నెమ్మదిగా కంపించి మంద్రనాదం పలుకుతుంది. ముద్ద ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది, ఎండితే పలచబడుతుంది, అందుకే వాదకుడు నడుమ నడుమ తడి వేలితో దాన్ని సవరిస్తాడు. మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో చర్మాన్ని నొక్కుతూ జరిపి నాదాన్ని వంచడాన్ని గుముకి అంటారు. ఎంత నొక్కాలో చేతికి చెవి క్షణక్షణం చెబుతూ ఉంటేనే ఆ వంపుకు సొగసు వస్తుంది.

మైకుతో పెంచిన ధ్వని చెడగొట్టేది సరిగ్గా చేతికీ చెవికీ ఉన్న ఈ బంధాన్నే. సెకనుకు 100 సార్లు కంపించే నాదతరంగం గాలిలో సుమారు 3.4 మీటర్ల పొడవుంటుంది కాబట్టి, అది స్పీకరు పెట్టెను చుట్టుకొని వెనక్కి కూడా పాకుతుంది. కుడి మూత మీద పలికే చాపు దెబ్బలోని పదును మాత్రం చాలావరకు ప్రేక్షకుల వైపే సాగిపోతుంది. పెట్టెల వెనుక కూర్చున్న వాదకుడికి తన వాద్యమే ఆకారం లేని మోతగా వినిపిస్తుంది, కింద బోలుగా ఉండే బల్లల వేదికైతే ఆ మోత కూర్చున్న చోటికే పాకుతుంది. తన దెబ్బ తనకు తెలియక అతడు బలం పెంచేసరికి మణికట్టు అలసి, గుముకి మోటుబారుతుంది.

ఒకప్పుడు చెట్టుకో గోపురానికో కట్టిన గొట్టం మైకులు లోతైన నాదాన్ని పెద్దగా పలకలేకపోయేవి. ఆ లోటు శ్రోతదే తప్ప వాదకుడిది కాదు. పెద్ద బేస్ బాక్సులు వచ్చాక ఇబ్బంది వేదిక మీదికి చేరింది. పాల్ఘాట్ మణి అయ్యర్ వంటి మృదంగ మహావిద్వాంసుడు మైకును వద్దనడం ఛాందసం కాదు, చేతికీ చెవికీ మధ్య ఉన్న ఆ సూక్ష్మబంధం పట్ల గౌరవం. అయినా ప్రొద్దుటూరు దసరా జనసందోహంలో మైకు లేకుండా కుదరదు.

కనుక అమరికలోనే జాగ్రత్త అవసరం. ఒక దిశ ధ్వనినే ఎక్కువగా పట్టే మైకును మూతకు ఆనించినట్లు పెడితే మంద్రం కృత్రిమంగా ఉబ్బుతుంది. దాన్ని జానెడు దూరంలో నిలిపి, పెద్ద పెట్టెలను వేదిక బల్లల మీద కాక ముందున్న నేల మీద ఉంచి, వాదకుడి వైపున్న మానిటర్ స్పీకరులో బేస్ తగ్గించడం మేలు. ధ్వని పరీక్ష రవ్వ అద్దిన తర్వాతే జరగాలి. కచేరీ నడుమ నాదం పలచబడినప్పుడు ఆపరేటరు బేస్ మీట తిప్పకుండా, వాదకుడు వేలు తడిపి ముద్దను సవరించుకునేంత వ్యవధి ఇవ్వాలి.