పది ప్రాసెస్‌లు, ఒకే గడియారం

బ్రౌజర్ ఆగి ఆగి నడుస్తుంటే మనం చేసేది ఒక్కటే, తిట్టుకుని మూసి మళ్లీ తెరవడం. ఆ ఆగిన క్షణాన్నే పట్టుకుని, ఏ ప్రాసెస్‌లో ఏ త్రెడ్ దేనికోసం ఎన్ని మిల్లీసెకన్లు కాచుకుని కూర్చుందో బయటపెట్టేవాళ్లు కొందరున్నారు. ఆ పనిని ప్రొఫైలింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఇంతకన్నా నిజాయితీ గల పనితనం నేను చూడలేదు. అతిగా అంటున్నానని అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

బ్రూస్ డాసన్ సంగతే చూడండి. గూగుల్‌లో క్రోమ్ మీద పనిచేసేవాడు, ముందున్నది 24 కోర్ల యంత్రం. అయినా జీమెయిల్‌లో ఉత్తరం టైపు చేస్తుంటే అక్షరాలు పడవు. సీపీయూ చూస్తే చాలావరకు ఖాళీ! ఇంకొకరైతే నెట్‌వర్క్ మీదికి తోసేసేవారు. ఆయన విండోస్‌లో సిస్టమ్ ఘటనలను నమోదు చేసే ఈటీడబ్ల్యూ ట్రేస్ తీశాడు. జీమెయిల్ ప్రాసెస్ ఒక లాక్ కోసం ఆగి ఉంది. ఆ లాక్ పట్టుకున్నది బ్రౌజర్ కానే కాదు, ఆ ప్రాసెస్ మెమరీని తనిఖీ చేస్తున్న విండోస్ డబ్ల్యూఎంఐ సర్వీసు. మరి తనిఖీకి అంతసేపెందుకు? క్రోమ్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8 తన కోడ్‌ను ప్రతిసారీ కొత్త చిరునామాలో పెడుతోంది. పెట్టిన ప్రతిచోటా కంట్రోల్ ఫ్లో గార్డ్ (సీఎఫ్‌జీ) రక్షణ కోసం విండోస్ కేటాయించిన మెమరీ ముక్కలు ప్రాసెస్ ముగిసేదాకా మిగిలిపోయి, తనిఖీని సాగదీస్తున్నాయి. పాత చిరునామాలనే తిరిగి వాడేలా వీ8ను సరిచేశారు. 2018లో ఆయన రాసిన ఆ కథనాన్ని ఇప్పటికీ మళ్లీ మళ్లీ చదువుతాను.

చరిత్ర ఎక్కువ చెప్పను. 2008లో క్రోమ్ ట్యాబులను వేరు ప్రాసెస్‌లుగా విడదీసింది. ఫైర్‌ఫాక్స్ 2016లో ఆ దారికొచ్చింది. ప్రాసెసర్లలో బయటపడిన స్పెక్టర్ అనే భద్రతా లోపం భయం పుట్టించాక సైటుకొక ప్రాసెస్ అయింది. భద్రత పెరిగింది, దాంతోపాటు కొలిచేవాడి కష్టమూ పెరిగింది.

ఎందుకంటే మీరొక లింకు నొక్కితే ఆ నొక్కు ముందు పేరెంట్ ప్రాసెస్‌కు, అక్కణ్నుంచి పేజీ ఉన్న ప్రాసెస్‌కు, తెర మీద గీయడానికి జీపీయూ ప్రాసెస్‌కు వెళుతుంది. ఒక్కదాన్నే నిలదీస్తే తాను ఖాళీగానే ఉన్నానంటుంది, ఎవరికోసం ఖాళీగా ఉందో చెప్పదు. అందుకని అన్నిచోట్లా ఒకేసారి నమూనాలు తీయాలి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైలర్ మామూలుగా మిల్లీసెకనుకొకసారి త్రెడ్‌ను ఆపి, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో ఆ స్టాక్‌ను రాసుకుని వదిలేస్తుంది. ఆపిన త్రెడ్ చేతిలో మెమరీ కేటాయింపు లాక్ ఉందనుకోండి, ఆ క్షణంలో ప్రొఫైలర్ కొత్త మెమరీ అడిగిందా, రెండూ బిగుసుకుపోతాయి. కాబట్టి ముందే సిద్ధం చేసుకున్న బఫర్‌లోనే రాయాలి, నిండితే పాతదాన్ని చెరిపి రాయాలి. పేజీల ప్రాసెస్‌లు శాండ్‌బాక్స్‌లో ఉంటాయి గనక సొంతంగా ఫైలు రాసుకునే హక్కు లేదు, తాము చూసింది పేరెంట్‌కు పంపుకోవాలి. ఆపైన అన్నింటి సమయాలనూ ఒకే గడియారం మీదికి తేవాలి. ఎవరైనా వెనక్కి తిప్పగల గోడ గడియారం పనికిరాదు, ముందుకే నడిచే మోనోటానిక్ గడియారం కావాలి. పంపిన సందేశానికీ అందుకున్న సందేశానికీ ఒకే గుర్తు వేసి జత కలిపితే, ఇక్కడి ఆలస్యానికి అక్కడి కారణం కళ్లెదుట నిలుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు నోరు తెరవకుండా ఉండలేరు.

మెమరీ లెక్క ఇంకా తిరకాసు. ఉమ్మడి ఇంటి కరెంటు బిల్లును నలుగురన్నదమ్ములూ ఎవరికివారు పూర్తిగా తమ ఖర్చులో రాసుకుని కూడితే ఎలా ఉంటుందో, పంచుకున్న మెమరీని కూడా కలిపి చెప్పే ప్రాసెస్‌ల ఆర్‌ఎస్‌ఎస్ అంకెలను కూడినా అలాగే ఉంటుంది. ఒక్కో ప్రాసెస్‌కే సొంతమైన యూఎస్‌ఎస్‌ను చూడాలి. కాష్‌గ్రైండ్ ప్రొఫైలర్ రాసిన నికొలస్ నెదర్‌కోట్ 2011లో మొజిల్లాలో మెమరీ వాడకాన్ని తగ్గించే మెమ్‌ష్రింక్ ప్రాజెక్టు మొదలెట్టి, ఫైర్‌ఫాక్స్‌లోని అబౌట్ మెమరీ పేజీని ఎక్కడికో తీసుకెళ్లాడు. ఆ పేజీ ఏ భాగం ఎంత తిందో చెప్పడమే కాదు, ఎవరి ఖాతాలోనూ పడని మెమరీని ‘హీప్ అన్‌క్లాసిఫైడ్’ అంటూ విడిగా చూపుతుంది. తనకు తెలియనిది ఎంతో అంకె వేసి చెప్పే పనిముట్లు ఎన్నున్నాయి చెప్పండి! ఆ పట్టుదలలో భాగంగానే కైల్ హ్యూయీ 2012లో యాడ్-ఆన్‌ల లీకులను చాలామట్టుకు ఒక్క మార్పుతో కోసిపారేశాడు.

గూగుల్ వారి ట్రేసింగ్ పనిముట్టు పెర్ఫెటో గొప్పదే, దాని షేర్డ్ మెమరీ బఫర్ల అమరికకు దండం పెడతాను. కానీ చదవడానికి హాయి అంటే బెన్వా జిరార్, మార్కస్ స్టాంగె లాంటివాళ్లు మలిచిన ఫైర్‌ఫాక్స్ ప్రొఫైలరే. నా పక్షపాతం దాచుకోను.

ఇంత విద్య ఉండగా ఇప్పుడు చలామణీ అవుతున్నదేమిటి? ఒక్క అంకె. ఎక్స్‌టెన్షన్‌లేవీ లేని ఖాళీ బ్రౌజర్‌లో, ఖరీదైన ల్యాప్‌టాప్ మీద, పేజీకి మార్కులేసే లైట్‌హౌస్ నడిపి, 100 వచ్చిందని ప్రజెంటేషన్‌లో పెట్టేస్తారు. లైట్‌హౌస్ తప్పు కాదది, దాన్ని అక్కడితో ఆపేసేవాళ్ల తప్పు. ఆక్టేన్ అనే జావాస్క్రిప్ట్ బెంచ్‌మార్క్‌ను గూగులే 2017లో పక్కన పెట్టింది, ఇంజిన్లన్నీ దాని కోసమే సానబట్టుకుంటున్నాయని. ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదు. పేజీలో ఓ స్క్రిప్టు అతికించి పర్ఫార్మెన్స్ మానిటరింగ్ అని అమ్మేవాళ్లున్నారు. స్పెక్టర్ తర్వాత పేజీలకిచ్చే గడియారాన్నే బ్రౌజర్లు కావాలని మొద్దుబార్చాయి, పక్క ప్రాసెస్‌లో ఏం జరిగిందో ఆ స్క్రిప్టుకు ఎలా తెలుస్తుంది? ఇక మెమరీ బూస్టర్ ఎక్స్‌టెన్షన్‌ల గురించి మర్యాదగా రాయడం నా వల్ల కాదు. ట్యాబులు చంపి, మిగిలింది పొదుపంటాయి.

ర్యామ్ తక్కువున్న ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు వార్తల సైటు తెరిచేవాళ్ల అవస్థ ఆ 100లో ఎక్కడుంది? ప్రకటనల ఫ్రేములు ఒక్కోటి పేజీని ఎంతసేపు ఆపుతున్నాయో ఫోనుకు కేబుల్ తగిలించి ప్రొఫైల్ తీస్తే తెలుస్తుంది. ఆ సైట్లు కట్టే మన కుర్రాళ్లను వేడుకుంటున్నాను, ఒక్కసారి ఆ పని చేయండి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైలర్ ఉచితం, సోర్సు కూడా అందరిదీ. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ప్రొఫైలర్ డాట్ ఫైర్‌ఫాక్స్ డాట్ కామ్ అని కొట్టి, బటన్‌ను ఆన్ చేసి, ఆగిన పనినే మళ్లీ చేసి, ప్రొఫైల్‌ను అప్‌లోడ్ చేస్తే వచ్చిన లింకును బగ్ రిపోర్టుకు జతచేయండి. అప్‌లోడ్ చేసేముందు మాత్రం, మిగతా ట్యాబుల చిరునామాలు అందులో చేరుతున్నాయేమో చూసుకోండి, వాటిని తీసేసే వీలు అక్కడే ఉంది.